ఉద్యోగ విరమణ తర్వాత ఒంటరి ప్రయాణం: ఎంత బండి కావాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉద్యోగ విరమణ చేసినవారిలో అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వచ్చేవారు తక్కువేమీ కాదు. అక్కడి రహదారుల మీద అరవై, డెబ్బై ఏళ్ళవారు ఇల్లులాంటి బండ్లలో ఒంటరిగా తిరగడం చూసినప్పుడు, ఇక్కడ కూడా అలా తిరగవచ్చు కదా అన్న ఆలోచన కలగడం సహజం. జీవిత భాగస్వామిని కోల్పోయినవారికి, ముప్ఫై ఏళ్ళు ఒకే ఆఫీసుకు వెళ్ళివచ్చి దేశం చూడలేదన్న కొరత మిగిలినవారికి ఇది తీసిపారేయవలసిన ఆలోచన కాదు. అయితే చాలామంది దానిని బండి దగ్గర మొదలుపెడతారు. ఏ కంపెనీది, ఎంత పొడవు, లోపల ఏమేమి ఉన్నాయి అని అడుగుతారు. మొదలుపెట్టవలసింది మనిషి దగ్గర. ఒక్క మనిషి, ఇంకొకరి చేయి సాయం లేకుండా, ఒంట్లో బాగాలేని రోజున కూడా ఆ బండితో ఏయే పనులు చేసుకోగలడన్నదే అసలైన కొలత. ఈ కొలతతో చూస్తే ఈ ప్రాంతపు విశ్రాంత ఉద్యోగికి సరిపోయే బండి, మనసులో అనుకున్నదానికంటే చాలా చిన్నది.

అమెరికాలో ఈ బండ్లను మూడు తరగతులుగా విడదీస్తారు. 'ఏ' (A) తరగతి బండి దాదాపు బస్సంత ఉంటుంది. సీ తరగతిలో ట్రక్కు ఛాసిస్ మీద గది కట్టి, డ్రైవరు క్యాబిన్ పైన పడక అమరుస్తారు. బీ తరగతి అంటే మామూలు వ్యాను లోపలే పడక, పొయ్యి, సింకు పెట్టినది. అక్కడ పెద్ద బండి నడవడానికి కారణం బండి గొప్పతనం ఒక్కటే కాదు. రాత్రి ఆగే చోట కరెంటు, మంచినీళ్ళు, మురుగు వదిలే గొట్టం మూడూ బండికి తగిలించుకునే ఏర్పాటు ఉంటుంది. మన దేశంలో అటువంటి చోట్లు చాలా అరుదు. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ల, అంటే ఇల్లులాంటి బండ్ల, పర్యాటక విధానం ప్రకటించి కొంత కదలిక తెచ్చింది గానీ, తడ నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళే ప్రయాణికుడు ఆ సదుపాయాలను లెక్కలోకి తీసుకుని బండి కొనడానికి వీలులేదు. కాబట్టి అక్కడి నుంచి ఆలోచన తెచ్చుకోవచ్చు, కొలతలు మాత్రం ఇక్కడివే తీసుకోవాలి.

ఒంటరి ప్రయాణంలో మొదట ఎదురయ్యే కష్టం రివర్సు. బండి వెనక్కి తీసేటప్పుడు వెనకాల నిలబడి చేత్తో బండిని తడుతూ "రానీ... రానీ... ఆపు" అనే మనిషి ఉండడు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో సముద్రం దగ్గరపడేకొద్దీ దారి సన్నబడుతుంది. పక్కన వలలు ఆరబెట్టి ఉంటాయి, ఎదురుగా ఆటో వస్తుంది, తారు అంచు దాటితే చక్రం ఇసుకలోకి దిగుతుంది. ఈకో లాంటి వ్యాను పొడవు 3,675 మిల్లీమీటర్లు. దానిని రెండు మూడు మలుపుల్లో వెనక్కి తిప్పుకోవచ్చు. ఐదు మీటర్లు దాటిన టెంపో ట్రావెలర్‌ను అదే చోట ఒంటరిగా తిప్పాలంటే దిగి చూసి, ఎక్కి, అడుగు జరిపి, మళ్ళీ దిగి చూడాలి. వెనక కెమెరా ఎంతో ఉపకరిస్తుంది గానీ, పైన వేలాడే కరెంటు తీగనూ వేపకొమ్మనూ చూపించదు. పైగా వెనక చక్రాలతో నడిచే బరువైన బండి ఇసుకలో కూరుకుపోతే నలుగురు తోసినా కదలదు. కారులాంటి బండినైతే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు చేయివేస్తే బయటికి వస్తుంది.

పంచరు సంగతి కూడా అంతే. కారు స్టెప్నీ మార్చడమే అరవై ఐదేళ్ళ నడుముకు కష్టమైన పని. మినీబస్సు చక్రం ఎత్తి బిగించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ట్యూబ్‌లెస్ టైరు, సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు, టైర్లకు గాలి ఎంత ఉందో చూపించే మీటరు ఉంటే సగం ఆందోళన తగ్గుతుంది. మిగతా సగం బండి ఎంత వాడుకలో ఉన్నదన్నదాని మీద ఆధారపడుతుంది. ఉదయగిరి దగ్గరో గిద్దలూరు దగ్గరో బండి ఆగిపోతే, ఆ చుట్టుపక్కల మెకానిక్కుకు తెలిసిన ఇంజనా, విడిభాగం సాయంత్రానికి దొరుకుతుందా అన్నది కంపెనీ ప్రకటనలన్నిటికంటే ముఖ్యం. ఊరూరా తిరిగే మోడల్ కొనమని చెప్పడానికి ఇదే కారణం.

తర్వాత చూడవలసింది సొంత ఒళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు షోరూములో స్టీరింగు ముందు కూర్చుని చూస్తారే గానీ, నేల మీద నుంచి లోపలికి పదిసార్లు ఎక్కి దిగి చూడరు. ప్రయాణంలో రోజుకు ఇరవై, ముప్ఫై సార్లు ఎక్కి దిగవలసి వస్తుంది. టాటా వింగర్ ముందు చక్రాలతో నడిచే బండి. ఇరుసుకు శక్తిని మోసే కడ్డీ కింద ఉండదు కాబట్టి దాని నేల తక్కువ ఎత్తులో ఉంటుంది. ఎక్కడం కష్టమైనవారు ఈ ఒక్క విషయం కోసం దానిని చూడవచ్చు. పడక కూడా కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనే ఎత్తులోనే ఉండాలి. కింద సామాన్ల చోటు పెంచుకోవాలని పడకను నడుమెత్తుకు లేపితే, రాత్రి రెండుసార్లు మూత్రానికి లేవవలసిన వయసులో అది ప్రతి రాత్రీ చిన్న గండమే. పడక నుంచి దిగకుండానే, అంటే తలుపు తెరిచి బయటికి రాకుండానే, డ్రైవరు సీట్లోకి చేరుకునే దారి కూడా ఉండాలి. ఆగిన చోటు అర్ధరాత్రి అనుమానంగా అనిపిస్తే తాళాలు వేసి ఉండగానే బండి తీసుకుని వెళ్ళిపోగలగాలి. ఒంటరిగా తిరిగే స్త్రీలకు ఇది మిగతా సౌకర్యాలన్నిటికంటే ముందు వస్తుంది. డ్రైవరు క్యాబిన్‌కూ వెనక భాగానికీ మధ్య గోడ ఉన్న బండ్లను, వెనక గది కట్టిన పికప్‌లను ఈ కారణంగానే పక్కన పెట్టడం మంచిది.

ఇక వేడి. ఈ రెండు జిల్లాల్లో బండి ఎంపికను నిర్ణయించే అంశం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరులో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన రేకుబండి లోపల గంట తిరిగేసరికి బయటికంటే పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడి పుడుతుంది. అందుకని బండికి ఏసీ పెట్టిస్తామంటారు. ఆ ఏసీని ఇంజను ఆపిన తర్వాత రాత్రంతా నడపడానికి ఎంత కరెంటు కావాలో లెక్క వేయాలి. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్-అవర్లు. చిన్న ఏసీ ఆగి ఆగి నడుస్తూ సగటున 600 వాట్లు తీసుకుంటుందనుకున్నా, ఎనిమిది గంటలకు 4,800 వాట్-అవర్లు కావాలి. అంటే అటువంటి బ్యాటరీలు నాలుగు. వాటిని తిరిగి నింపాలంటే, 200 వాట్ల సోలార్ పలక మంచి ఎండరోజున ఇచ్చేది సుమారు 800 వాట్-అవర్లే కాబట్టి, ఆరు పలకలు కావాలి. చిన్న వ్యాను పైకప్పు మీద అన్ని పలకలకు చోటుండదు.

అదే లెక్క ఏసీ లేకుండా వేస్తే మరోలా ఉంటుంది. 20 వాట్ల ఫ్యాను పది గంటలకు 200, నలభై లీటర్ల చిన్న ఫ్రిజ్ వేసవిలో రోజుకు సుమారు 500, దీపాలకు, ఫోనుకు 100, మొత్తం 800 వాట్-అవర్లు. ఒక్క బ్యాటరీ, ఒక్క పలక, బండి నడుస్తున్నప్పుడు ఇంజను నుంచి బ్యాటరీని నింపే పరికరం ఉంటే చాలు. కార్తీక మాసపు ముసురులో పలక ఇచ్చేది సగానికి పడిపోయినా ఇంజను ఆ లోటు తీరుస్తుంది. ఫ్రిజ్ విలాసమని కొందరు అనుకుంటారు. ఇన్సులిన్ వాడేవారికి అది మందుల పెట్టె. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. థర్మోకోల్ డబ్బాలో ఐసు వేసి పెట్టినది నెల్లూరు ఎండలో రోజుల తరబడి నిలవదు. నిద్రలో శ్వాస యంత్రం వాడేవారు దాని వాట్లను కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. కాబట్టి ఏసీ మీద పెట్టే డబ్బును పైకప్పుకు గాలి బయటికి లాగే ఫ్యాను, గోడలకు వేడి ఆపే పొర, తెల్ల రంగు, కిటికీలకు దోమతెర, ఒక మంచి చిన్న ఫ్రిజ్‌ల మీద పెట్టడమే తెలివైన పని. మే నెలలో బండిలో పడుకోకుండా ఉండడం, పడుకోవాలంటే హార్స్‌లీ హిల్స్ లాంటి ఎత్తైన చోటికి పోవడం అంతకంటే తెలివైన పని.

ఏసీ కోసం ఇంజనునో జనరేటరునో రాత్రంతా నడిపి నిద్రపోవడం మాత్రం ఎన్నడూ చేయరాదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడే దానికి కారణమని తేలింది. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాడికి తెలియదు, పక్కన తట్టి లేపే మనిషి లేకపోతే ఇక చెప్పేదేముంది. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం చిన్న వస్తువే. బండి ఏదైనా అది ఉండి తీరాలి. గ్యాసు పొయ్యిని కూడా బండి లోపల మూసిన తలుపుల మధ్య వెలిగించకుండా, వెనక తలుపు ఎత్తి బయట నిలబడి వండుకునే అమరికే మంచిది.

మరుగుదొడ్డి, స్నానం విషయంలో ఈ ప్రాంతపు వాస్తవాన్ని గుర్తుంచుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. ఒక మనిషి పొదుపుగా వాడినా స్నానానికీ వంటకూ రోజుకు ఇరవై లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. వంద లీటర్ల ట్యాంకు అంటే వంద కిలోల బరువు. బండిలో మరుగుదొడ్డి పెట్టించుకుంటే దాని కింది డబ్బాను మూడు నాలుగు రోజులకొకసారి మోసుకెళ్ళి పారబోయాలి. ఇరవై లీటర్లు నిండిన డబ్బాను ఎత్తి, దించి, కడగడం ఒంటరి వృద్ధుడి పని అవుతుందన్న సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. పైగా దానిని పొలం గట్టునో కాలువలోనో కుమ్మరించడం తప్పు. మురుగు గొట్టానికో సెప్టిక్ ట్యాంకుకో కలిసే దొడ్డిలోనే పోయాలి. మరోవైపు పెంచలకోన, శ్రీశైలం, శ్రీకాళహస్తి లాంటి పుణ్యక్షేత్రాలలో సత్రాలు, దేవస్థానం గదులు ఉన్నాయి. చాలా చోట్ల పర్యాటక శాఖ హరిత హోటళ్ళున్నాయి, రహదారి వెంట బంకుల్లో మరుగుదొడ్లున్నాయి. మూడు రోజులకొకసారి సత్రంలోనో లాడ్జిలోనో గది తీసుకుని, స్నానం చేసి, బట్టలుతుక్కుని, బ్యాటరీ నింపుకుని బయలుదేరే పద్ధతి ఇక్కడి ఊళ్ళకు అమరిన పద్ధతి. అలా తిరిగేవారికి బండిలో స్నానాల గది అక్కర్లేదు. రాత్రి అత్యవసరానికి మూత ఉన్న చిన్న కమోడ్ చాలు. కొన్ని సత్రాలలో ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరన్నది నిజమే. అటువంటి రాత్రికే బండిలో పడక ఉండేది.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఎంపిక సులువవుతుంది. కారు వెనక తగిలించి లాగే క్యారవాన్‌ను ఒంటరి వృద్ధులు మరిచిపోవచ్చు. తగిలించడం, విప్పడం, రివర్సు తీయడం మూడూ ఇద్దరి పనులు. ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు, ఒక్కోటి వారం పది రోజులు, అదీ ఎక్కువగా దక్షిణాదిన అనుకునేవారికి, వెనక రెండు వరసల సీట్లు మడిస్తే చదునయ్యే ఎర్టిగా లాంటి కారు, మడిచిన సీట్ల మీద పరిచే మడత పరుపు, కిటికీలకు అద్దంకొలత తెరలు చాలు. మిగతా రోజుల్లో అదే కారు ఆసుపత్రికీ పెళ్ళిళ్ళకూ పనికొస్తుంది. కొనేముందు సీట్లు మడిచి, చెప్పులు విడిచి, షోరూములోనే పడుకుని చూడాలి. సిగ్గుపడవలసిన పని కాదిది. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి ఆరడుగులు చదునుగా దొరక్కపోతే మూడో రాత్రికి నడుము పట్టేస్తుంది.

నెలల తరబడి, కచ్‌కో హిమాచల్‌కో వెళ్ళాలనుకునే గట్టి ఆరోగ్యవంతులకు మాత్రమే నిలబడగల ఎత్తున్న వ్యాను అవసరం. ఫోర్స్ ట్రావెలర్‌లో 3,050 నుంచి 4,020 మిల్లీమీటర్ల దాకా వేర్వేరు వీల్‌బేస్‌లు (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరాలు) ఉన్నాయి. ఒంటరివారు వాటిలో పొట్టిదానికే కట్టుబడాలి. నిటారుగా నిలబడి ప్యాంటు తొడుక్కోగలగడం రెండు నెలల ప్రయాణంలో నిజంగానే పెద్ద సుఖం. అది కాదనలేం. అయితే నెలల తరబడి ఇంటి ముందు నిలబెట్టే డీజిల్ బండి వద్దు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణపు డీజిల్ బండ్లలో పొగగొట్టపు ఫిల్టరు శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ రహదారి మీద వేగంగా, ఆపకుండా నడపాలి. ఊళ్ళో కూరగాయలకు తిప్పితే అది పూడుకుపోతుంది. తక్కువ నడిపేవారికి పెట్రోలే మేలు.

చట్టం వైపు చూస్తే, కారు లైసెన్సుతో 7,500 కిలోల మొత్తం బరువు దాకా తేలికపాటి బండి నడపవచ్చు కాబట్టి లైసెన్సు అడ్డు కాదు. యాభై ఐదేళ్ళు దాటాక లైసెన్సును ఐదేళ్ళకొకసారి, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి పునరుద్ధరించుకోవాలన్నది మాత్రం మరవకూడదు. చిక్కంతా బండిని మార్చడంలో ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చరాదు. మారిస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండవచ్చు. ఆటోనగర్‌లో చేయి తిరిగిన బాడీబిల్డర్లు రెండు వారాల్లో సీట్లు పీకేసి మంచం, అల్మరా బిగించి ఇవ్వగలరు. పనితనం బాగుంటుంది, కాగితాలే ఉండవు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ మొదట చూసేది ఆ తేడానే. క్యారవాన్‌గా మార్చేందుకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొందిన చోట చేయించి, ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. సొంత వాడకపు క్యాంపర్ వ్యాను నాన్-ట్రాన్స్‌పోర్ట్ (కిరాయికి తిప్పని బండ్ల) వర్గంలోకే వస్తుంది. ఏ బోల్టూ విప్పకుండా మడిచిన సీట్ల మీద పరుపు వేసుకునే కారుకు ఈ తలనొప్పులేవీ లేవు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు 200 ట్రిప్పులతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ కూడా సొంత కారు, జీపు, వ్యాన్లకే వర్తిస్తుంది. పెద్ద బండిని టోల్‌గేటు దగ్గర ఏ తరగతిలో లెక్కిస్తారో ముందే కనుక్కోవాలి.

డబ్బు సంగతి సూటిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మళ్ళీ సంపాదించే వయసు కాదు. ఇరవై లక్షలు పెట్టి బండి తయారుచేయించుకున్నారనుకుందాం. అదే ఇరవై లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో, 2023 ఏప్రిల్‌లో ఖరారైన 8.2 శాతం వడ్డీతో వేస్తే, మూడు నెలలకొకసారి 41,000 రూపాయలు, ఏడాదికి 1,64,000 చేతికొస్తాయి. దాని మీద పన్ను ఉంటుంది, నిజమే. అయినా రాత్రికి 1,500 రూపాయల గదిలో ఏడాదికి నూరు రాత్రులు గడపడానికి ఆ వడ్డీ ఒక్కటే సరిపోతుంది, అసలు చెక్కుచెదరదు. బండి విలువేమో ఏటా తరుగుతుంది. ఏడాదికి నూరు రాత్రులకంటే తక్కువ తిరిగేవారు పెద్ద బండి కొనడం లెక్కకు నిలవదు. లెక్కకు నిలవని కోరికలు కొన్ని తీర్చుకోదగినవే, కాకపోతే పింఛను లేనివారు ఆ పని చేయకూడదు.

ఎక్కడికి, ఎప్పుడు అన్నది కూడా బండి ఎంపికలో భాగమే. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ తీరం నమ్మదగినది కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి, కోవూరు, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైళ్ళూ ఆగాయి. ఒంటరి ప్రయాణికుడు అటువంటి రోజుల్లో ఎక్కడ చిక్కుకున్నా రెండు రోజులు గడిచేలా నీళ్ళు, మందులు, తిండి పెట్టుకోగలిగితే చాలు. దానికి పెద్ద బండి కాదు, ముందుచూపు కావాలి. మార్కాపురం మీదుగా శ్రీశైలం వెళ్ళేవారు దోర్నాల దాటాక నల్లమల ఘాట్ రోడ్డు మలుపులు ఎలా ఉంటాయో, రాత్రివేళ అటవీ చెక్‌పోస్టు మూసేస్తారన్న సంగతీ గుర్తుంచుకుని మధ్యాహ్నానికే బయలుదేరాలి. ఈ దారిలో కారుకూ ట్రావెలర్‌కూ ఉన్న తేడా చేతులకు తెలుస్తుంది.

ఏది కొనాలనుకున్నా, కొనేముందు అటువంటి బండినే మూడు నాలుగు రాత్రులకు అద్దెకు తీసుకుని చూడాలి. హైదరాబాదు, బెంగళూరులలో క్యారవాన్లు అద్దెకు దొరుకుతాయి. సంక్రాంతి చలిలో కాకుండా ఉక్కపోతగా ఉండే రోజుల్లో ప్రయత్నించాలి, డ్రైవరు ఉన్నా పనులన్నీ సొంతంగా చేసుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ బండి తీసుకునేవారికి ఒక జాగ్రత్త. నెల్లూరుకు పాత బండ్లు చెన్నై నుంచి ఎక్కువగా వస్తాయి. అక్కడ 2015లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలోనూ వేలాది బండ్లు నీట మునిగాయి. పైకి పాలిష్ చేసిన బండిలో సీటుబెల్టును చివరిదాకా లాగి చూడాలి, స్టెప్నీ తీసి దాని గుంటలో చెయ్యి పెట్టి చూడాలి, కార్పెట్ అంచు ఎత్తి చూడాలి. బెల్టు చివర మట్టి గీత గానీ, గుంటలో సన్నని ఒండ్రు గానీ కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. వైర్లలోకి దిగిన నీరు ఏడాది తర్వాత, ఊరికి దూరంగా, ఒంటరిగా ఉన్నప్పుడే పని చెబుతుంది.